వేసవిలో చెన్నపట్టణము

కోతలు నూర్పిళ్లు ముగిసి, ధాన్యము గాదెలకెక్కి, పిల్లలకు బడులు మూసిన పిమ్మట, చేతిలో నాలుగు డబ్బులాడెడు గృహస్థునకు పట్టణము చూచి రావలెనను కోరిక పుట్టుట సహజము. గుంటూరు నెల్లూరు మండలములలోని మావంటివారికి తరతరములుగా పట్టణమనగా చెన్నపట్టణమే. "పట్నము పోయివచ్చితిని" అని యెవరైన చెప్పినచో, ఏ పట్నమని అడుగువారు లేకుండిరి. 1899వ సంవత్సరమున బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలుమార్గము పూర్తియైన నాటినుండి ఈ ప్రయాణము ఒక్క రాత్రి పని యైనది. అంతకుముందు బకింగ్‌హాం కాలువలో పడవపై పోవలసియుండెను. ఆ కాలువ పేరును మీరు జ్ఞాపకముంచుకొనుడు. ఆ పేరుగల దొరతో మనకు మరల పని కలుగును.

చిత్రమేమనగా, వేసవి యనునది చెన్నపట్టణమును చూచుటకు తగిన కాలము కాదు. రోహిణీకార్తెలో మా గ్రామమున పగిలెడు ఱోలు అచ్చట పగులక మానదు. పైపెచ్చు ఆ పట్టణపు ఉక్క మన పొడి యెండకంటె బాధాకరము. అయినను జనము అప్పుడే పోవుదురు. ఏమి చూచుటకు పోయిరి, ఇప్పుడేమి చూడవచ్చును, వానిలో మనకు సంబంధించినది యేది అను విషయములను నేను చిన్ననాట చూచినదానిని బట్టియు, పిదప చదివినదానిని బట్టియు మనవి చేసెదను.

మొదట సముద్రపు గాలి. పగటి యెండకు నేల త్వరగా కాగును, నీరు ఆలస్యముగా కాగును. కాగిన నేలపైని గాలి తేలికపడి పైకిపోగా, ఆ చోటు నింపుటకు సముద్రముమీది చల్లగాలి లోపలికి వచ్చును. ఇది ప్రతిదినము జరుగవలసినదే. కాని వేసవిలో పడమటినుండి వీచెడు వడగాలి బలముగానున్న దినములలో ఆ చల్లగాలి తీరమునకు రాలేక మధ్యాహ్నము దాటువరకు నిలిచిపోవును. అది వచ్చిన గడియను పట్టణవాసులు ఇంటనుండియే పసికట్టుదురు. పల్లెనుండి పోయిన మేము దానిని ఇసుకలో కూర్చుండి యనుభవించితిమి. ఆ సాయంకాలపు హాయికి వెల కట్టరాదు. వెల లేదు కూడ. ధనవంతుడును కూలివాడును ఒకే యిసుకపై కూర్చుండెదరు.

ఆ తీరమునకు మెరీనా యని పేరు పెట్టినవాడు 1881 మొదలు 1886 వరకు గవర్నరుగానుండిన గ్రాంటు డఫ్ దొర. తీరము వెంబడి విహారమునకు బాట వేయించినవాడును ఆయనయే. అయితే ఆ విశాలమైన యిసుకమేటను ఏ దొరయు వేయింపలేదు. ఉత్తరమున రేవుకు రాతిగోడలు కట్టుట 1870 తరువాతి దశాబ్దమున ఆరంభమైనది. తీరము వెంబడి కొట్టుకొనివచ్చు ఇసుక ఆ గోడలకు అడ్డుపడి దక్షిణమున పేరుకొనసాగెను. ఉత్తరమున రాయపురమువైపు తీరమునకు రావలసిన యిసుక రాక, ఆ వైపు నేల కోసుకొనిపోయెను. ఒకరికి విహారస్థలమైనది మరియొకరికి ఇల్లు పోవుటకు కారణమైనది. ఒక మాట హెచ్చరించెదను: అచ్చటి సముద్రము చూచుటకు అందమైనదే గాని స్నానమునకు మిక్కిలి ప్రమాదకరము. లోపలికి లాగెడు ప్రవాహములు అనేకులను బలిగొన్నవి. పిల్లల చేయి విడువకుడు. పాదములు తడుపుకొని, శనగ గుగ్గిళ్లు తిని, దీపములు వెలిగిన పిమ్మట తిరిగి రండు.

తీరపు బాటకు ఎదురుగా గుండ్రని ముఖముగల ఒక పెద్ద కట్టడము గలదు. నేడు దానికి వివేకానంద గృహమని పేరు. ముసలివారు దానిని ఐస్ హౌస్ అనియే పిలుతురు. దానిని 1842 ప్రాంతమున కట్టినది మంచుగడ్డలు నిలువచేయుటకు. ఆ మంచు ఎచ్చటిదనుకొంటిరి? హిమాలయములది కాదు. అమెరికాలోని బోస్టను నగరపు సమీపమున చలికాలమందు గడ్డకట్టిన చెఱువులది! ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు, గుఱ్ఱములు లాగెడు నాగలివంటి పనిముట్లతో ఆ చెఱువులను దున్నినట్లు గీయించి, చదరపు దిమ్మలుగా కోయించి, రంపపుపొట్టులో పొదిగి ఓడలకెక్కించెడివాడు. 1833వ సంవత్సరమున మొదటి ఓడ నాలుగు మాసములు ప్రయాణము చేసి, భూమధ్యరేఖను రెండుమారులు దాటి, కలకత్తా చేరెను. బయలుదేరునప్పుడు 180 టన్నులు, చేరినది సుమారు 100 టన్నులు. మిగిలినది సముద్రము పాలైనది. రైతు బిడ్డకు ఇది వినినంతనే నవ్వు వచ్చును. చెఱువు నీటిని గడ్డలుగా కోసి అమ్ముకొన్నవాడు లోకములో మరియొకడుండునా? అయినను ఆతడు దానితో ధనవంతుడాయెను. ఇచ్చటి దొరలు తమ పానీయములలో అమెరికా మంచు వేసికొని త్రాగిరి. వైద్యులు జ్వరరోగులకు వాడిరి.

తరువాత ఆవిరియంత్రములతో మంచు ఇచ్చటనే చేయ నేర్చిరి. 1880 నాటికి ఓడమంచు వ్యాపారము కూలిపోయెను. బిళిగిరి అయ్యంగారను న్యాయవాది ఆ భవనమును కొని నివాసముగా మార్చెను. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అమెరికా, ఐరోపాలనుండి తిరిగివచ్చి తొమ్మిది దినములు అందు బసచేసెను. ఏ దేశపు మంచును నిలువచేయుటకు కట్టిరో, ఆ దేశమును మెప్పించి వచ్చినవానికి ఆ యిల్లే విడిది యగుట చూడుడు. పిమ్మట అది వితంతు బాలికలకు ఆశ్రయమైనది. 1963లో దానికి వివేకానందుని పేరు పెట్టిరి.

ఇక చెన్నపట్టణమునకు పోయిన పల్లెవారందరు చూడక విడువనివి రెండు "కాలేజీలు." చచ్చిన కాలేజీ యనగా ఎగుమూరులోని వస్తుప్రదర్శనశాల. బ్రతికిన కాలేజీ యనగా జంతుప్రదర్శనశాల. ఈ పేర్లు పెట్టినవారికి చదువు లేకపోవచ్చును గాని బుద్ధి లేదనరాదు. ప్రదర్శనశాల 1851లో కాలేజీ యని పిలువబడెడు భవనముననే ఆరంభమైనది. దానికి మొదటి అధికారియైన ఎడ్వర్డు బాల్ఫర్ అను వైద్యుడు, ప్రాణముగల మృగములనుంచినచో జనము మిక్కుటముగ వత్తురని గ్రహించి, 1855లో దానియందే జంతుశాల పెట్టెను. అనగా రెండు కాలేజీలును మొదట ఒకే యావరణలో పుట్టిన అన్నదమ్ములు. కొన్నియేండ్లకు మృగములను సెంట్రల్ స్టేషనుకు చేరువనున్న పీపుల్స్ పార్కునకు మార్చిరి. రైలు దిగిన పల్లెవాడు మూట చంకనుండగనే సింహమును చూడగలిగెడివాడు. నేను 1962 వేసవిలో చూచినది అచ్చటనే. 1985లో ఆ జంతుశాలను నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న వండలూరు అడవికి తరలించిరి. అచ్చట మృగములకు చోటు విశాలము. చూచువారికి నడక యెక్కువ. వృద్ధులు ఉదయముననే పోవుట మేలు.

వేసవి ప్రయాణములను గూర్చి చెప్పుచు 1942వ సంవత్సరమును చెప్పకుండుట న్యాయము కాదు. ఆ ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వైచిరి. చెన్నపట్టణముపై దండు దిగునని పుకారు వ్యాపించెను. ముఖ్యమైన పనిలేనివారు వెడలిపోవలసినదని ప్రభుత్వమే సలహా చెప్పెను. ఏటేట పల్లెలనుండి పట్టణమునకు పోవు జనము ఆ యేడు తలక్రిందుగా పట్టణమునుండి పల్లెలకు పరుగెత్తిరి. మా యింట పదునలుగురు బంధువులు చేరిరట. చుట్టరికము తెలియనివారు కూడ అందులోనుండిరని మా నాయనమ్మ చెప్పుచుండెను. వండి వార్చుటలో ఆమె నడుము విరిగినదే గాని, ఎవరిని పొమ్మనలేదు. జంతుశాలలోని క్రూరమృగములు బాంబుల గందరగోళములో తప్పించుకొని వీధులలో పడునేమో యను భయముచే సింహములను పులులను తుపాకులతో కాల్పించిరి. 1909లో మెరీనాయందు నెలకొల్పిన చేపల ప్రదర్శనశాలయు ఆ యుద్ధకాలముననే మూతపడినది. దండు రానేలేదు. జనము తిరిగిపోయిరి. మృగములు తిరిగి రాలేదు.

పోయిన మరికొన్నింటిని త్వరగా చెప్పెదను. 1895లో వచ్చిన విద్యుత్ ట్రాములు 1953లో నిలిచిపోయినవి. నేను వానిని చూడలేదు. 1900లో తెఱచిన మూర్ మార్కెట్టును చూచితిని. పాతపుస్తకములు మొదలు రామచిలుకలవరకు అందు దొరకనిది లేకుండెను. 1985 మే నెలలో అది తగులబడినది. ఆ స్థలమున ఇప్పుడు స్థానిక రైళ్ల స్టేషను గలదు. దీపస్తంభము మాత్రము మరల వచ్చినది: 1977లో మెరీనాలో క్రొత్తగా కట్టిన దానిపైకి యంత్రముతో ఎక్కి పట్టణమంతయు చూడవచ్చును. మోకాళ్లనొప్పులవారికి ఇది శుభవార్త.

ఇప్పుడు చచ్చిన కాలేజీకి వత్తము. 1962లో నన్ను తీసికొనిపోయినవారు మా తాతగారు. మా గ్రామము కృష్ణకు దిగువ, అమరావతికి అరపూట బండిప్రయాణములో నుండెను. నాకు పదేండ్లు. తిమింగలపు ఎముకలను, నాణెములను, కత్తులను చూచుచు మేము ఒక గదిలో ప్రవేశించితిమి. గోడలనిండ తెల్లని రాతిపలకలు. వానిపై తామరలు, ఏనుగులు, నాగములు, చేతులు జోడించిన స్త్రీలు. తాతగారు కండువాతో కన్నులు తుడిచికొని, "ఒరే అబ్బాయీ, ఇవి మన రాళ్లురా" అనిరి. అవి అమరావతి స్తూపపు పలకలు.

ఆ రాళ్ల కథ తెలిసికొనుటకు నాకు చాలయేండ్లు పట్టినది. క్రీస్తుకు పూర్వమే ఆరంభమై శాతవాహనుల కాలమున వృద్ధిపొందిన ఆ స్తూపము, కాలక్రమమున మట్టిదిబ్బయై మరుగుపడినది. జనులు దానిని దీపాలదిన్నె యనిరి. 1796 ప్రాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధాని చేసికొని కట్టడములు కట్టించునప్పుడు దిబ్బను త్రవ్వగా చెక్కిన రాళ్లు బయటపడెను. కర్నల్ మెకంజీ యను సర్వే అధికారి వానిని చూచి, 1816లో మరల వచ్చి, పటములు వ్రాయించెను. ఆ లోపల ఎన్నియో రాళ్లు గోడలకును చెఱువుమెట్లకును పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి. పల్నాటి పాలఱాయి యని మనము ముద్దుగా పిలుచు ఆ రాయి సున్నపురాయియే గదా! 1845లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించిన పలకలు చెన్నపట్టణమునకు చేరి చాలకాలము ఎండకు వానకు బయటనే పడియుండెను. 1859లో వానిలో నూటికి పైగా లండనుకు పంపిరి. అచ్చట బండ్లకొట్టములో పడియున్న వానిని 1867లో ఫెర్గుసన్ పండితుడు గుర్తించెను. నేడు అవి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. 1877లో సూయల్ కొంత త్రవ్వించెను. 1880లో గవర్నరు మిగిలిన దిబ్బనంతయు ఒక్కమారుగా త్రవ్వివేయుమని ఆజ్ఞయిచ్చెను. ఆ గవర్నరే బకింగ్‌హాం ప్రభువు. కరవుకాలమున కాలువ త్రవ్వించి కూలి యిప్పించినవాడును ఆతడే, మన స్తూపమును గుంటగా మార్చినవాడును ఆతడే. మరుసటియేడు చివర వచ్చిన బర్జెస్ పండితునకు దొరికినది స్తూపము కాదు, ఆ గుంట అంచున పడియున్న రాళ్లు. వానిలో మేలైనవి చెన్నపట్టణమునకు పోయి, సిమెంటుతో గోడలలో పొదుగబడెను. రాతికి అది మంచిది కాదని తరువాతివారు విచారించిరి.

దీనిలో తప్పెవరిదని నేను పలుమారులు ఆలోచించితిని. రాళ్లు తరలిపోయినవని మనము దుఃఖింతుము. తరలిపోనివి సున్నమైనవను మాటను మరచెదము. కాని సున్నము కాకుండ కాపాడుటకు కావలి పెట్టవచ్చునుగదా, ఊరు దాటింప నేల యని అడిగినచో, ఆ దొరలవద్ద నాకు తోచిన సమాధానము లేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినప్పుడు పట్టణము మనకు రాలేదు. దానికి ముందటి డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో ఏబదియెనిమిది దినముల నిరాహారదీక్షతో ప్రాణము విడిచిన యింటిస్థలమున స్మారకము గలదు. దానిని కూడ చూచి రండు. పట్టణముతోబాటు రాళ్లును అచ్చటనే నిలిచిపోయినవి. వానిని చూడగోరువారు శుక్రవారము పోకుడు. ఆ దినము ప్రదర్శనశాలకు సెలవు.

ఆనాడు మా తాతగారు ఆ గదినుండి కదలలేదు. నన్ను పొరుగువారితో సముద్రమునకు పంపి, సాయంకాలము తలుపులు మూయువరకు తామచ్చటనే యుండిరి. మరుసటి వేసవిలో పట్టణమునకు పోవుదమని నేను మారాము చేయగా, బండి కట్టించి అమరావతికి తీసికొనిపోయిరి. దిబ్బయున్నచోట గుండ్రని పల్లము, పొట్టి రాళ్లు, మేయుచున్న మేకలు. ఆయన చెప్పులు విడిచి, స్తూపముండిన వలయము చుట్టును అడుగులు లెక్కించుచు నడచి, "ఇచ్చట ఏనుగుల పలక యుండియుండును, ఇచ్చట నాగముల పలక" అని చేతికఱ్ఱతో ఒక్కొక్క చోటు చూపిరి.