ఉపసంహారము లేని అస్త్రము

పొలమునకు గట్టు కలదు, గ్రామమునకు పొలిమేర కలదు. తగవు పుట్టినపుడు హద్దురాయి సాక్ష్యము పలుకును. అంతరిక్షమున హద్దురాళ్లు లేవు. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక ప్రకారము అది ఏ రాజ్యమునకును సొత్తు కాదు. భూమిచుట్టు అణ్వస్త్రములను తిరుగనీయరాదని ఆ ఒడంబడిక శాసించెను. సామాన్య క్షిపణితో ఉపగ్రహమును గూల్చరాదని మాత్రము చెప్పలేదు. అగ్రరాజ్యముల స్పర్థ ఈ సందుననే ప్రవేశించినది.

సోవియట్ యూనియన్ 1968 మొదలు ఉపగ్రహములను వేటాడు ఉపగ్రహములను పరీక్షించెను. 1985లో అమెరికా యుద్ధవిమానమునుండి క్షిపణిని విడిచి తన ఉపగ్రహమునే పగులగొట్టెను. 2007 జనవరి 11న చైనా సుమారు 860 కిలోమీటర్ల ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహమును ఛేదింపగా మూడువేలకు పైగా శకలములు లెక్కకు వచ్చినవి. మరుసటి యేడే అమెరికా ఓడపైనుండి క్షిపణిని ప్రయోగించి, చెడిన తన ఉపగ్రహమును గూల్చెను. ఒకరి పరీక్ష మరొకరికి హెచ్చరికగా తోచెను, అనుమానము పెరిగెను.

2019 మార్చి 27న భారతదేశము ఈ వరుసలో నాలుగవదిగా నిలిచెను. జనవరిలో శ్రీహరికోటనుండి పంపిన ఉపగ్రహమును ఒడిశా తీరపు అబ్దుల్ కలాం ద్వీపమునుండి ఎగసిన క్షిపణి గూల్చెను. నాటి రక్షణ పరిశోధన సంస్థ అధ్యక్షులు నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీశ్ రెడ్డిగారు. శకలములు త్వరగా రాలవలెనని 300 కిలోమీటర్లకు లోపలి ఎత్తునే ఎన్నుకొనిరి. అయినను కొన్ని పైకెగసి చాలకాలము తిరిగినవి.

ఈ పరీక్ష మనకేల? 1967 జనవరి 1కి పూర్వము అణుపరీక్ష జరిపినవారినే అణ్వస్త్ర రాజ్యములుగా గుర్తించిన ఒప్పందమును మనము చూచితిమి. రేపు అంతరిక్షమునందును అట్టి పంక్తిభేదము కలుగవచ్చునను శంక నిరాధారము కాదు. అయినను పంక్తిలో చోటు దొరికినంతమాత్రమున విస్తరి శుభ్రమగునా?

భారతమున అశ్వత్థామకు బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించుట తెలియును, మరలించుట తెలియదు. ఈ ఆయుధమును నేర్చిన రాజ్యములలో అర్జునుడు లేడు; పగిలిన ముక్కను వెనుకకు పిలువగల మంత్రము ఎవ్వరికిని రాదు. 2021 నవంబరు 15న రష్యా తన ఉపగ్రహమును పగులగొట్టినపుడు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున నున్న అమెరికా వ్యోమగాములతోపాటు రష్యావారును ప్రాణభయమున తమ నౌకలలో తలదాచుకొనవలసి వచ్చెను.

2022లో అమెరికా ఇట్టి విధ్వంసక క్షిపణి పరీక్షలను మానుచున్నట్లు ప్రకటించెను. ఆ డిసెంబరున ఐక్యరాజ్యసమితిలో 155 దేశములు అట్టి తీర్మానమును బలపరచెను. రష్యా, చైనాలు వ్యతిరేకించెను. భారతదేశము తటస్థముగ నుండెను.

ఉడికించిన పసుపును కళ్లమున ఆరబోసిన ఆర్మూరు రైతు వానసూచనకై చెవియొగ్గును. ఆ సూచనకు ఆధారము ఉపగ్రహము. అతనిని ఏ అగ్రరాజ్యమును సంప్రతింపలేదు. శకలమునకు మాత్రము అతడును పరుడే కాడు, స్వజనుడును కాడు. కావున తాటస్థ్యమును వీడి, కట్టుబాటును వ్రాయు పంక్తిలో మన దేశము ముందు కూర్చుండుట మేలు.