కల్లు లేని నడక

హైదరాబాదులో ఫుడ్ వాక్ అంటే దాదాపు ఒకటే దారి. పొద్దున్నే చార్మినార్ దగ్గర కలుస్తారు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్‌తో మొదలుపెట్టి నహారీ, పాయా, పొయ్యిలోంచి అప్పుడే తీసిన నాన్ దాకా వెళ్తారు. రంజాన్ నెల అయితే సాయంత్రం నడక, హలీం. గైడు ఒక్కోచోట ఆగి నాలుగు ముక్కలు చరిత్ర చెప్తాడు. జూబ్లీహిల్స్ నుంచి, గచ్చిబౌలి నుంచి నాలాంటి ఐటీ జనం క్యాబుల్లో వెళ్లి, తిని, ఫొటోలు తీసుకుని వస్తారు. నేనూ వెళ్లాను, మళ్లీ వెళ్తాను కూడా. తిండీ బాగుంటుంది, కథలూ బాగుంటాయి.

ఆ కథల్ని వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అందులో చాలా వంటలు బయటినుంచి వచ్చినవే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. వాళ్ల హరీస్‌కి మన మసాలా కలిసి హలీం అయింది. ఇరానీ హోటళ్లు బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు పెట్టినవి. అదే హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2019లో యునెస్కో హైదరాబాదుని ఆహార సంస్కృతికి సృజనాత్మక నగరం అంది. వలసొచ్చిన వంట మన సంప్రదాయం కావడం మంచి విషయమే. అయితే ఇదే నేలలో, ఇక్కడి చెట్టు మీద పుట్టి, ఈ నడకలో ఒక్క మలుపులోనూ కనపడనిది ఒకటుంది. కల్లు.

తిండితో పాటు తాగేదాన్ని కూడా చూపించే నడకలు స్కాట్లాండ్‌లో ఉన్నాయి. ఎడింబరోలో హాగిస్ పెడతారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి పొట్టసంచిలో కుక్కి ఉడికించే వంటకం అది, మన బోటీకి వేలు విడిచిన చుట్టం. పక్కనే విస్కీ పోస్తారు. ఇప్పుడు విస్కీ అంటే స్కాట్లాండ్ పరువు. కానీ పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి కొండల్లో కాసింది ఎక్కువగా దొంగసారానే. హాగిస్ మీద 1786లో పద్యం రాసిన రాబర్ట్ బర్న్స్, మూడేళ్ల తర్వాత ఎక్సైజ్ ఉద్యోగంలో చేరాడు. అంటే మన లెక్కలో ఆబ్కారీ ఆఫీసరు! 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడింబరో వచ్చినప్పుడు ఏర్పాట్లన్నీ వాల్టర్ స్కాట్ చూశాడు. రాజుగారు అడిగి మరీ లైసెన్సు లేని గ్లెన్‌లివెట్ విస్కీ తెప్పించుకున్నారని ఆ కాలపు జ్ఞాపకాల పుస్తకం ఒకటి చెప్తుంది. మరుసటి ఏడాదే, 1823లో, కొత్త ఎక్సైజ్ చట్టం సుంకం తగ్గించి లైసెన్సు తేలిక చేసింది. 1824లో గ్లెన్‌లివెట్‌లో జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకున్నాడు. దొంగసారా వారసత్వంగా మారడంలో రుచి పాత్ర ఎంతో, సర్కారు ఒక మెట్టు దిగడం పాత్ర అంత.

మన దగ్గర సర్కారు మెట్టు దిగలేదు, చెట్టెక్కింది. ఆబ్కారీ నిజాం ఖజానాకి పెద్ద ఆదాయం. చెట్టుకి పన్ను, దుకాణానికి వేలం. వేలం పాడిన కాంట్రాక్టరుకి లాభం, మోకు, ముత్తాదు కట్టుకుని ఎక్కినవాడికి కూలి. గీసే కులంలో పుట్టి మొఘలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్నని 1710లో చంపేశారు. అతని కథ మాత్రం పాటగా బతికే ఉంది.

ఇంకో తేడా సరుకులోనే ఉంది. విస్కీ పీపాలో ఏళ్ల తరబడి ఆగుతుంది, అందుకే దాన్ని కొలవొచ్చు, సీలు వేయొచ్చు, బ్రాండు చేయొచ్చు. కల్లు లొట్టిలో పడ్డ క్షణం నుంచే పులుస్తుంది. పొద్దున తియ్యన, సాయంత్రానికి పులుపు. నగరం పెరిగింది, చెట్లు తరిగాయి. ఆ లోటుని క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్ లాంటివి పూడ్చాయి. 2004లో జంటనగరాల్లో కల్లు దుకాణాలు మూయించారు. తెలంగాణ వచ్చాక 2014లో తెరిపించారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వారసత్వం అంటూ దీన్ని వెనకేసుకురావడం కుదరదు. 2023లో నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. నీరా అంటే పులియనిది. కల్లుని మర్యాదస్తుల మధ్యకి తేవడానికి అందులోంచి కల్లుని తీసేయాల్సి వచ్చింది.

జూబ్లీహిల్స్‌లో ఉలవచారు బిర్యానీ, రాగి సంగటి, నాటుకోడి పులుసు దొరికే హోటళ్లకి కొదవ లేదు. కృష్ణా నుంచి, సీమ నుంచి వచ్చిన రుచులు ఇవి, మద్రాసు నుంచి సినిమా వచ్చినట్టే. పబ్బుల్లో సింగిల్ మాల్ట్ దొరుకుతుంది. ఆషాఢంలో ఇక్కడి పెద్దమ్మ గుడికి బోనాలొస్తాయి. తెలంగాణ ఊళ్లలో ఎల్లమ్మకి కల్లుసాక పోస్తారు. దేవత తాగేది భక్తుల మెనూలో ఉండదు.

ఫిల్మ్‌నగర్ మాత్రం ఈ విలువని కనిపెట్టింది. 2023లో వచ్చిన 'బలగం'లో నల్లిబొక్క మీద పడ్డ గొడవ ఒక కుటుంబాన్ని ఏళ్లపాటు విడదీస్తుంది. చావింటి ముద్దా, మాంసం, మందూ, కాకీ అన్నీ ఆ కథలో నిజమైన పాత్రలే. ఏ గైడూ చూపించని తెలంగాణ తిండిని జనం టికెట్టు కొని చూశారు, ఏడ్చారు. తెర మీద గౌరవం దొరికిందానికి వీధిలో ఇంకా దొరకలేదు.

ఇది నాకు పుస్తకాల విషయం ఒక్కటే కాదు. మా తాత నల్గొండ జిల్లాలో చెట్టెక్కినవాడు. ఎక్కాల్సిన అవసరం రాకూడదనే మా నాన్న చదువుకున్నాడు. తాడు మీంచి పడి నడుం విరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. కాబట్టి కల్లుని ముచ్చటైన పాతరుచిగా చూపించే నడక నాకు అక్కర్లేదు. స్కాట్లాండ్ నడకల్లో ఆ లైసెన్సుల కథ చెప్తే విస్కీకి పరువేమీ పోదు. మనం కూడా చెట్టుపన్ను, వేలం, కల్తీ, పడ్డవాళ్లకి అందే పరిహారం, అన్నీ చెప్పగలగాలి.

అలాంటి నడక పెట్టడం కష్టమేమీ కాదు. నగరం దాటాక ఏదో ఒక తాటివనం. తెల్లారుతుండగా గీత కార్మికుడు లొట్టితో దిగుతాడు. తాటాకు రేకలో పోస్తాడు, పక్కన గుడాలు. ఆ రోజు గైడు అతనే అయితే బాగుంటుంది. రేకకి ఎంత ఇవ్వాలో, నడకకి టికెట్టు ఎంతో కూడా అతనే చెప్పాలి.