కట్ట లేని చెరువులు

అమెరికా ఉత్తర సరిహద్దులోని మిన్నెసోటా రాష్ట్రంలో పదెకరాలు, అంతకు మించిన సరస్సులు 11,842 ఉన్నాయి. కర్ణాటకలోని మిట్టేమరి, బాగేపల్లి వైపు చెరువంటే కట్ట, తూము, మరవ ఉండాల్సిందే. వాన నీళ్లు పారిపోకుండా మనుషులు ఆపినదే చెరువు. మిన్నెసోటాలో నీళ్లు నిలిచిన గుంతలు మంచు చేసినవి.

చివరి మంచుయుగంలో కెనడా మీద పేరుకుని మిన్నెసోటా దాకా పరచుకున్న లారెంటైడ్ మంచు పలక మధ్యలో సుమారు 3 కిలోమీటర్ల మందం ఉండేది. అంత మందాన మంచు తన బరువుకు తానే మెల్లగా సాగుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్లు కింది బండను గీకుతూ పోతాయి. సరిహద్దున ఉన్న బౌండరీ వాటర్స్ ప్రాంతంలో మెత్తని రాయి అరిగిన చోట సరస్సులు ఏర్పడ్డాయి, గట్టి రాయి గట్లుగా మిగిలింది. అక్కడి నున్నని బండల మీద ఒకే వైపుకు సాగే గీతలు మంచు నడిచిన దిక్కును ఇప్పటికీ చూపిస్తాయి. సుపీరియర్ సరస్సు సంగతి వేరు. ఖండం చీలబోయి ఆగిన సుమారు 110 కోట్ల ఏళ్ల నాటి పల్లం అది. మంచు దాన్ని ఇంకా తవ్వింది. లోతైన చోట ఇప్పుడు 406 మీటర్లు.

దక్షిణాన మంచు తవ్వినదానికంటే కుమ్మరించినదే ఎక్కువ. కరిగే అంచున మన్ను, ఇసుక, గులకరాళ్లు కుప్పపడి మొరైన్ గుట్టలయ్యాయి. ఆ మన్నులో పూడుకుపోయిన మంచుగడ్డలు చాలాకాలానికి కరిగితే పైమట్టి కుంగి కెటిల్ సరస్సులు పుట్టాయి. మినియాపొలిస్ నగరంలోని బ్డే మకా స్కా ఇలాంటిదే. చివరి మంచు చేరని ఆగ్నేయ మూలన మాత్రం సహజ సరస్సులు దాదాపు లేవు. ఇంతకుమించిన రుజువు అక్కర్లేదు.

మంచు వెనక్కి తగ్గేటప్పుడు వాయవ్యాన ఒక మహాసరస్సు నిలిచింది. మంచుయుగం ఉండేదని 1840లో పుస్తకం రాసి వాదించిన లూయీ అగాసీ పేరే దానికి పెట్టారు. ఉత్తరాన మంచే దానికి కట్ట. దక్షిణాన మరవ పారినట్టు పొర్లిన నీరు నేటి మిన్నెసోటా నది లోయను కోసింది. మంచు తొలగాక నీళ్లు ఉత్తరానికి జారిపోయాయి. అడుగున బల్లపరుపుగా మిగిలిన నల్లటి బంకమన్నే రెడ్ నది లోయ. ఇప్పుడక్కడ చక్కెర దుంప పండిస్తారు.

మిన్నెసోటా పొలాల్లో కనిపించే గ్రానైట్ గుండ్లు బాగేపల్లి గుట్టల మీదివాటిలాగే ఉంటాయి. పుట్టుక మాత్రం వేరు. బాగేపల్లి గుండ్లు పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు అరిగి, పుట్టినచోటే గుండ్రమయ్యాయి. మిన్నెసోటావి ఉత్తరం నుంచి మంచు మోసుకొచ్చిన వలసరాళ్లు. చలికి నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా కొత్తవి పైకి తేలతాయి. రైతులు ఏటా వసంతంలో వాటిని ఏరి గట్టున పోస్తారు.

భారతదేశమూ మంచు ఎరగనిది కాదు. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర గుండ్లు కలిసిన పొరను మంచు తెచ్చి పోసిందని భూగర్భ శాస్త్రజ్ఞులు 1856లోనే గుర్తించారు. సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి అలాంటి పొరలే తెలంగాణ గోదావరి లోయలో బొగ్గు కింద ఉన్నాయి.