బొల్లి: హైదరాబాదు పాతబస్తీలో చికిత్సా చరిత్ర

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు నశించి, ఒంటి మీద పాలలాంటి తెల్లమచ్చలు ఏర్పడే వ్యాధి బొల్లి. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి తన కణాల మీదే దాడి చేయడం దీనికి ప్రధాన కారణం. ఇది అంటుకోదు, ప్రాణం తీయదు, చర్మాన్ని మొద్దుబార్చదు. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 1 శాతం మందికి ఉంటుందని అంచనా. తెల్లచర్మం మీద కంటికి ఆనని మచ్చ చామనఛాయ మీద దూరానికే కనిపిస్తుంది. అందుకే మన దేశంలో ఈ జబ్బు కంటే దాని చుట్టూ అల్లుకున్న భయమే మనుషులను ఎక్కువగా కుంగదీసింది. ఆ భయంతోనే ఎందరో చికిత్స కోసం హైదరాబాదు దారి పట్టారు. ఇక్కడి యునానీ వైద్యానికి బొల్లి విషయంలో దేశమంతటా పేరుంది.

ఆ వైద్యం ఈ నగరంలో నగరంతోపాటే పుట్టింది. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో దారుల్‌షిఫాను నిర్మించాడు. రోగులు ఉండి వైద్యం చేయించుకోవడానికీ, విద్యార్థులు హకీంల దగ్గర శాస్త్రం నేర్చుకోవడానికీ ఉద్దేశించిన రెండంతస్తుల కట్టడం అది. ఆసుపత్రి పోయినా ఆ పేట పేరు మాత్రం నేటికీ దారుల్‌షిఫాయే. తరువాతి కాలంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రికి భవనం కట్టించాడు. నిజామియా తిబ్బీ కళాశాల, ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. గాజుల దుకాణాల రద్దీ దాటి లోపలికి వెళితే, చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డవారిలో చర్మవ్యాధులవాళ్లు తప్పక కనిపిస్తారు.

హకీంలు బొల్లిని బర్స్ అంటారు. ఒంట్లో బల్గం, అంటే కఫం, మితిమీరి చర్మానికి పోషణ సరిగా అందకపోవడం వల్ల మచ్చ పుడుతుందని వారి సిద్ధాంతం. ముందు దోషాన్ని పక్వం చేసే మందు, తరువాత విరేచనాలతో దాన్ని బయటికి పంపే మందు, ఆపైన మచ్చ మీద లేపనం, కాసేపు ఎండ: ఇదీ వారి పద్ధతి. పథ్యం కూడా గట్టిదే. చేపలు తిన్న పూట పాలు ముట్టకూడదంటారు. ఈ మాట పాతబస్తీ ముస్లిం ఇళ్లలోనూ తెలుగు పల్లెల్లోనూ ఒకేలా వినిపిస్తుంది. చేపలూ పాలూ కలిస్తే బొల్లి వస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

లేపనంలో ముఖ్యమైనవి బావంచాలు. హకీంలు వాటిని బాబ్చీ అంటారు. చిన్నవిగా, నల్లగా, మూత్రపిండం ఆకారంలో ఉండే ఈ గింజలు నోట్లో వేసుకుంటే చేదు. ఆయుర్వేదం, యునానీ రెండూ శతాబ్దాలుగా వీటినే నమ్ముకున్నాయి. ఆ నమ్మకంలో ఎంత పస ఉందో 20వ శతాబ్దంలో తేలింది. 1927లో రామ్‌నాథ్ చోప్రా, చటర్జీ బొల్లి చికిత్సలో బావంచాల మీద తమ పరిశీలనను ప్రచురించారు. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు ఈ గింజల నుంచి సోరలెన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఈజిప్టులో ఇదే కథ మరో మొక్కతో నడిచింది. 13వ శతాబ్దపు వృక్షశాస్త్రవేత్త ఇబ్న్ అల్ బైతార్ వర్ణించిన ఒక మొక్క గింజలనుంచి తీసిన సోరలెన్ జాతి మందుతో, 1940ల చివర అబ్దెల్ మోనెమ్ ఎల్ మోఫ్తీ కైరోలో బొల్లికి చికిత్స చేశాడు. సోరలెన్ మింగించి గాని ఒంటికి పట్టించి గాని అతినీలలోహిత కాంతి సోకించే ‘పువా’ చికిత్స 1970ల్లో ప్రపంచమంతటా వ్యాపించింది. మందు రాసి ఎండలో కూర్చోమన్న హకీం మాటకు ఇది యంత్రరూపం.

ఎండలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడదగ్గది. చికిత్స పనిచేస్తే తెల్లమచ్చ అంచులనుంచి మాత్రమే పూడదు. మచ్చ మధ్యలో, ఒక్కో వెంట్రుక మొదట్లో ఆవగింజంత గోధుమరంగు చుక్క పుడుతుంది. వారాలు గడిచేకొద్దీ చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. చర్మం పైపొరలో రంగు కణాలు నశించినా వెంట్రుక కుదుళ్లలో కొన్ని దాగి ఉంటాయి. కాంతి సోకితే అవి లేచి పైకి పాకుతాయి. వెంట్రుకలే లేని పెదవుల మీద, వేళ్ల కొసల మీద మందు అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే రంగు తిరిగి రావడం కష్టం. ఈ సంగతి సూక్ష్మదర్శిని లేని కాలంలోనే వైద్యుల కంట పడింది. వెంట్రుకలు తెల్లబడని మచ్చే సాధ్యమని ఆయుర్వేదం చెప్పింది. యునానీ వైద్యులు కూడా మచ్చలోని వెంట్రుకల రంగు చూసే మాట ఇచ్చేవారు. కఫం లెక్క తప్పినా, కళ్లు చూసింది తప్పలేదు.

స్వాతంత్ర్యం తరువాత కేంద్ర ప్రభుత్వం హైదరాబాదులో యునానీ పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఎర్రగడ్డలోని ఈ సంస్థకు బొల్లే ప్రత్యేక విషయమైంది. ఇతర రాష్ట్రాలనుంచి కూడా రోగులు రావడంతో చర్మవ్యాధులకు జాతీయ సంస్థ స్థాయికి ఎదిగింది. ఇంత అనుభవం పోగుపడ్డ చోట, మందు తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పోల్చి చూసే కఠినమైన పరీక్షలు ఇంకా విరివిగా జరగాలి. బావంచాలు తెలిసినవారి చేతిలోనే మందు. సొంతంగా నూరి రాసుకుని ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కుతాయి. నోటితో తీసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు కూడా నమోదైంది.

బొల్లి చుట్టూ ఉన్న భయానికి మూలం దాన్ని కుష్టుతో కలిపి చూడడం. ‘తెల్ల కుష్టు’ అనే మాట ఆ పొరపాటును తరాలుగా మోసుకొచ్చింది. కుష్టు బ్యాక్టీరియాను నార్వేకు చెందిన హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. అంతవరకు ఐరోపాలోని పెద్ద వైద్యులు సైతం కుష్టు వంశపారంపర్యమనే నమ్మారు. రెండు జబ్బులకూ తేడా తేలిగ్గానే పట్టుకోవచ్చు. కుష్టు మచ్చ పాలిపోయి ఉంటుంది గాని తెల్లగా మెరవదు, దాని మీద స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద చీమ పాకినా తెలుస్తుంది.

ఇక పెళ్లి మాటల్లో వచ్చే ప్రశ్న, పిల్లలకు వస్తుందా అన్నది. జన్యువుల ప్రమేయం ఉన్న మాట నిజం. అయితే ఏ ఒక్క జన్యువో దీన్ని నడపదు, ఎన్నో జన్యువులు తలా కొంచెం చేయి వేస్తాయి. అచ్చుగుద్దినట్టు ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి ఉన్నది నూటికి 23 జంటల్లోనే అని 2003లో వెలువడిన అధ్యయనం చూపింది. తల్లికో తండ్రికో ఉన్నా అత్యధికుల పిల్లలకు రాదు. పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉండే ఆల్బినిజం వేరు. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. మేనరికాల్లో, పాతబస్తీలో జరిగే అన్నదమ్ముల పిల్లల పెళ్లిళ్లలో అలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. నుదుటి మీద తెల్ల జుట్టుపాయతో పుట్టే పీబాల్డిజం మరొకటి. అది ఒక్క జన్యువు మార్పుతోనే తరం తరువాత తరానికి దిగుతుంది. వీటన్నిటినీ ఒక్క గాటన కట్టి ఆడపిల్ల సంబంధం తప్పించడం అన్యాయం. చేతి మీద రూపాయంత మచ్చను ఏళ్ల తరబడి పూర్తి చేతుల జాకెట్టు కింద దాచుకుని బతకాల్సిన అగత్యం ఏ అమ్మాయికీ రాకూడదు.

అన్ని తెల్లమచ్చలూ లోపలినుంచే పుట్టవు. బొట్టుబిళ్ల జిగురులో, రబ్బరు చెప్పుల్లో వాడే కొన్ని రసాయనాలు రంగు కణాలను చంపుతాయి. కనుబొమల మధ్య గుండ్రంగా, పాదం మీద చెప్పు పట్టీ ఆకారంలో మచ్చ తేలితే ముందు చేయవలసింది వాటిని మానడం.

నేటి చికిత్సలో ఇరుకైన తరంగదైర్ఘ్య పరిధిలోని ‘యూవీబీ’ కాంతి పువాను చాలావరకు పక్కకు నెట్టింది. వ్యాప్తి ఆగిన మచ్చకు తొడ చర్మంనుంచి తీసిన రంగు కణాలను నాటే శస్త్రచికిత్స ఉంది. 2022లో అమెరికా అనుమతించిన రుక్సోలిటినిబ్ లేపనం, రక్షణ వ్యవస్థ దాడినే అదుపు చేసే కొత్త తరహా మందు. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ జబ్బులు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, ఏ పద్ధతి వైద్యం ఎంచుకున్నా ఆ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోవడం అవసరం.