గోస్తని వెంట భీమిలికి

అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట మీదుగా భీమిలి వెళ్లే మన యువత అక్కడ తప్పక చూసేది డచ్చివారి సమాధులు. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి కోట కట్టుకున్న ఆ జాతివారి పేర్లు రాళ్లమీద నేటికీ ఉన్నాయి. 1861లోనే ఆ ఊరు మునిసిపాలిటీ అయింది.

అక్కడ సముద్రంలో కలిసే గోస్తని మాత్రం మన అనంతగిరి కొండల్లో పుట్టింది. బొర్రా గుహలను తొలిచింది. తాటిపూడి జలాశయం నింపి విశాఖకు తాగునీరిస్తోంది.

వర్తకుల చరిత్ర రాతిమీద నిలిచింది. నది పుట్టినచోట బతికిన మన పెద్దల చరిత్ర ఇంకా నోటిమాటగానే ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది. భీమిలి చూసి రండి. వచ్చాక మీ ఊరి పెద్దలను అడిగి వాగుల పేర్లు, సంత దారులు, వలస కథలు రాసిపెట్టండి.