కె.వి.కృష్ణారావు (సైనికాధికారి)

జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు (1923 జూలై 16 - 2016 జనవరి 30) భారత సైన్యానికి ప్రధానాధికారిగా పనిచేసిన తెలుగువాడు. పదవీ విరమణ తరువాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీరుకు గవర్నరుగా వ్యవహరించాడు. తీవ్రవాదం ప్రబలిన ప్రాంతాలలో, సైనికుడిగా కాక రాజ్యాంగాధినేతగా, భద్రతా వ్యవహారాలను నిర్వహించవలసి రావడం ఈయన ప్రజాజీవితంలోని విశేషం.

సైనిక జీవితం

కృష్ణారావు 1942 ఆగస్టులో మహర్ రెజిమెంటులో అధికారిగా చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాలోను, 1947-48లో జమ్మూ కాశ్మీరులోను పనిచేశాడు. 1971 యుద్ధంలో 8వ పర్వత డివిజనుకు నాయకత్వం వహించి, నేటి బంగ్లాదేశ్ లోని సిల్హెట్ ప్రాంత విముక్తిలో పాల్గొన్నాడు. ఇందుకు పరమ విశిష్ట సేవా పతకం లభించింది.

సైన్యపు పునర్వ్యవస్థీకరణ, ఆధునికీకరణలపై 1975లో ఏర్పడిన నిపుణుల సంఘానికి ఈయన అధ్యక్షుడు. సైన్యంలో యాంత్రిక దళాల విస్తరణకు ఈ సంఘం చేసిన సూచనలు తోడ్పడ్డాయి. 1981 జూన్ 1న జనరల్ ఓ.పి.మల్హోత్రా నుండి సైనిక ప్రధానాధికారిగా బాధ్యతలు స్వీకరించి, 1983 జూలై 31న పదవీ విరమణ చేశాడు.

ఈశాన్య రాష్ట్రాల గవర్నరుగా

సైనిక ప్రధానాధికారులు గవర్నర్లు కావడం కొత్త కాదు. జనరల్ ఎస్.ఎం.శ్రీనగేశ్ 1962-64 మధ్య ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్నాడు. కృష్ణారావు 1984 జూన్ నుండి 1989 వరకు నాగాలాండ్, మణిపూర్, త్రిపుర రాష్ట్రాలకు ఏకకాలంలో గవర్నరు. ఈ కాలంలోనే, 1988 ఆగస్టులో, త్రిపుర నేషనల్ వాలంటీర్స్ సంస్థతో ఒప్పందం కుదిరి, ఆ సంస్థ ఆయుధాలు విడిచింది.

జమ్మూ కాశ్మీరులో

1989 జూలైలో జమ్మూ కాశ్మీరు గవర్నరుగా నియమితుడయ్యాడు. అప్పుడు ఫారూఖ్ అబ్దుల్లా ప్రభుత్వం అధికారంలో ఉన్నందున గవర్నరు అధికారాలు పరిమితమైనవి. డిసెంబరులో కేంద్ర హోం మంత్రి కుమార్తె అపహరణతో పరిస్థితి విషమించింది. 1990 జనవరిలో కేంద్రం ఈయన స్థానంలో జగ్‌మోహన్‌ను నియమించింది. అందుకు నిరసనగా ముఖ్యమంత్రి రాజీనామా చేయగా ఎన్నికైన ప్రభుత్వం లేకుండా పోయింది.

1993 మార్చిలో కృష్ణారావు తిరిగి అదే పదవికి వచ్చాడు. అప్పటికి రాష్ట్రపతి పాలన ఉన్నందున పరిపాలన బాధ్యత నేరుగా గవర్నరుదే. ఏప్రిల్‌లో శ్రీనగర్‌లో పోలీసులు తిరుగుబాటు చేయగా సైన్యం వారిని నిరాయుధులను చేసింది. సైన్యం, పారామిలిటరీ దళాలు, పోలీసుల మధ్య సమన్వయానికి ఏకీకృత ప్రధాన కార్యాలయం ఆ ఏడాదే ఏర్పడింది. విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ ఎం.ఎ.జకీ ఈయనకు సలహాదారుగా ఉన్నాడు.

అక్టోబరులో తీవ్రవాదులు హజ్రత్‌బల్ దర్గాలో చేరగా సైన్యం దానిని ముట్టడించింది. దర్గాపై దాడి జరపకుండానే, సుమారు నెల తరువాత, సంప్రదింపులతో ముట్టడి ముగిసింది. అయితే ఆ ముట్టడి సాగుతుండగానే బిజ్‌బెహారాలో నిరసనకారులపై సరిహద్దు భద్రతా దళం జరిపిన కాల్పులలో పలువురు పౌరులు మరణించారు. 1995 జనవరి 26న జమ్మూలో ఈయన గణతంత్ర దినోత్సవ ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలి పలువురు మరణించారు. ఈయన ప్రాణాలతో బయటపడ్డాడు. అదే సంవత్సరం మే నెలలో చరారె షరీఫ్ దర్గా అగ్నికి ఆహుతి కావడం పాలనా యంత్రాంగంపై తీవ్ర విమర్శలకు దారితీసింది.

1996 సెప్టెంబరు - అక్టోబరులలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. 1987 తరువాత ఇవే మొదటివి. అక్టోబరు 9న ఫారూఖ్ అబ్దుల్లా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయడంతో, ఆరేళ్ళకు పైగా సాగిన కేంద్ర పాలన ముగిసింది. ఏకీకృత ప్రధాన కార్యాలయపు అధ్యక్ష స్థానం కూడా ముఖ్యమంత్రికి దక్కింది. సైనికాధికారిగా జీవితం గడిపిన గవర్నరు చేతి నుండి అధికారం ఆ విధంగా ప్రజాప్రతినిధులకు చేరింది. కృష్ణారావు 1998 మే వరకు గవర్నరుగా కొనసాగాడు.

రచనలు

జాతీయ భద్రతపై "ప్రిపేర్ ఆర్ పెరిష్" (1991), జ్ఞాపకాల గ్రంథం "ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్" (2001) ఈయన ఆంగ్ల రచనలు. పాలనా కాలపు ఘటనలను ఈయన దృష్టి నుండి తెలుసుకోవడానికి రెండవ గ్రంథం ఉపయోగపడుతుంది.

మరణం

కృష్ణారావు తన 92 ఏళ్ళ వయసులో, 2016 జనవరి 30న ఢిల్లీలో మరణించాడు.