గోడ కింది పట్టీ

ఇల్లు కడుతున్నామంటే మన ఆడవాళ్ళ మనసు ముందుగా వంటింటి గట్టు మీదికీ, దేవుడి గూటి మీదికీ పరుగెడుతుంది. పునాది సంగతి మగవాళ్ళకీ మేస్త్రీకీ వదిలేస్తాం. మట్టి కప్పేశాక కనిపించని దానితో మనకేం పని అనుకుంటాం. అసలు పనంతా దానితోనే అని చెప్పే కథ ఒకటి లండనులో జరిగింది. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు కనక మీకు చెప్పాలనిపించింది.

థేమ్స్ నది ఒడ్డున మిల్‌బ్యాంక్ అనేచోట పెద్ద జైలు కట్టాలని ఇంగ్లండు ప్రభుత్వం 1812లో తలపెట్టింది. స్థలమేమో చిత్తడి నేల! గోడలు లేవడం, కుంగడం, బీటలు వారడం. ఒక శిల్పి రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు, ఇంకొకాయన్ని తీసేశారు. చివరికి పని రాబర్ట్ స్మర్క్ చేతికొచ్చింది. తర్వాత బ్రిటిష్ మ్యూజియం కట్టడంతో పేరు పొందింది ఈయనే.

జైలు మొత్తం పూర్తయింది 1821లో. కానీ 1816 జూన్‌లోనే మొదటి ఖైదీలను తెచ్చి పెట్టారు. వాళ్ళంతా ఆడవాళ్ళే! మగవాళ్ళు వచ్చింది మరుసటి ఏడు. అరకొరగా లేచిన గోడల మధ్య మొదట పడుకున్నది ఆడవాళ్ళన్నమాట. కింద నేల ఎలాంటిదని అడిగే హక్కు వాళ్ళకెక్కడిది? ఇక్కడికి వచ్చేసరికి నా మనసు చివుక్కుమంటుంది.

ఇంతకీ స్మర్క్ చేసిందేమిటి? సున్నం, గులకరాళ్ళు కలిపిన కాంక్రీటును కట్టడం కింద మందంగా పరిపించాడు. ఇది రోమన్లకు ఏనాడో తెలిసిన విద్యే. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియం కింద కూడా కాంక్రీటు పునాదే ఉంది. ఇంగ్లండు ఆ విద్యను మళ్ళీ నేర్చుకుంది, అంతే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది ఆ తర్వాత, 1824లో.

ఇందులో కిటుకు మనకు తెలియనిదేం కాదండీ. తడిసిన పెరట్లో కుర్చీ వేసుకుంటే కాళ్ళు దిగబడతాయి. పీట వేసుకుంటే దిగబడదు. కూర్చున్న మనిషి బరువు మారలేదు కదా, ఆ బరువు నేలమీద ఆనే చోటు పెరిగిందంతే. గోడకన్నా వెడల్పుగా, గోడ పొడవునా తెంపులేకుండా కాంక్రీటు పట్టీ పోస్తారే, అదీ ఇలాంటిదే. మధ్యలో ఒకచోట నేల కాస్త మెత్తగా ఉన్నా అటూ ఇటూ ఉన్న గట్టి నేల ఆ బరువు పంచుకుంటుంది. ఒక కోడలికి జ్వరమొస్తే తోడికోడళ్ళు ఆవిడ పని అందుకున్నట్టు! ఇల్లంతా ఒక్కలా కాస్త దిగినా గోడలకు పెద్ద ముప్పు రాదు. ఒక మూల దిగి మరో మూల నిలిచిపోతేనే చీలిక. తర్వాతి కాలంలో పట్టీలో ఇనుప కడ్డీలు వేసి ఇంకా బలం చేకూర్చారు.

అలాగని పట్టీ పోస్తే సర్వం క్షేమమని కాదు. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అలాంటిచోట ఎంత లోతు తవ్వాలో, ఏ రకం పునాది వేయాలో మట్టి పరీక్ష చేయించి ఇంజనీరునే అడగాలి.

డబ్బు చాలకపోతే మొదటి కోత పడేది మాత్రం పునాదికే. ఎవరికీ కనిపించదు కదా! గచ్చు బాగుండకపోతే నాలుగేళ్ళకు మార్పించుకోవచ్చు. పునాదిని మార్పించడం ఎవరి తరం? ఆ ఇంటికోసం బ్యాంకులో కుదువపెట్టేది మన నగలే.

మిల్‌బ్యాంక్ జైలు 1890లో మూతబడింది. దాన్ని పడగొట్టిన స్థలంలో 1897లో తెరిచిన చిత్రశాలే నేటి టేట్ బ్రిటన్. ఆనాటి ఆడఖైదీలకు లేని హక్కు మనకుంది. పునాది గోతులు పూడ్చకముందే ఒక్కసారి వెళ్ళి చూడండి. గట్టి నేల తగిలిందా, పట్టీ వెడల్పెంత, అని మేస్త్రీని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి!